ముగ్గురి తలనొప్పి

"ఇవాళ నాకు కాఫీ వద్దు," అంటూ లేచి నిలబడింది ఎదురింటి అస్కాలె.

పెనంలో కాఫీ గింజలు ఇంకా వేగుతూనే ఉన్నాయి. వుబిత్ చేతిలో గరిటె ఆగిపోయింది. గోడ తగాదాలు పోలీసుల దాకా వెళ్ళిన రోజుల్లో కూడా ఆ వీధిలో ఎవరూ ఆ మాట అనలేదు. గింజలు వేగుతుండగా వచ్చి కూర్చున్న మనిషి ఇంటిని దీవిస్తూ తాగే మూడో కప్పు తాగకుండా లేచిందంటే, ఆ ఇంటితో తెగతెంపులు చేసుకున్నట్టే.

"కూర్చోవే. పొగైనా పీల్చు," అంది వుబిత్ అత్తగారు ఎల్ఫినెష్. ఈ వారం కాఫీ వంతు ఆమె ఇంటిదే. వంతు ఎవరిదైతే వారమంతా అందరూ అక్కడే తాగాలి. ఒంటరిగా కాఫీ తాగేవాళ్ళను ఆ వీధి మనుషుల్లో జమకట్టదు.

"పొగా వద్దు పిన్నీ. కాఫీ లేక తల నొస్తే అర్థముంది. రోజూ మూడేసి కప్పులు తాగుతున్నా మూడు రోజులుగా పగిలిపోతోంది. ఈ ఇంట్లో ఏదో చెడ్డకన్ను ఉంది."

పక్కింటి ములు కణతలు నొక్కుకుంది. "నాకూ అంతే అక్కా. నిన్న కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను. మా ఆయన నోరెత్తకుండా తిన్నాడు. నాకు అదింకా భయంగా ఉంది."

"నాకూ నొస్తోంది," అంది వుబిత్ నెమ్మదిగా.

"చూశారా! ముగ్గురం పడుతున్నాం. హాయిగా ఉన్నది ఒక్కరే. పేరు చెప్పాలా?" అస్కాలె పెనం వైపే చూస్తూ అంది.

ఎల్ఫినెష్ ముఖం పాలిపోయింది. "నా కన్నంటావా అస్కాలె? నీకు పురుళ్ళు పోసిన చేతులివి."

"నేను చేతుల గురించి అనలేదు పిన్నీ."

వుబిత్ అడిస్ అబాబా సంతలో మిరపపొడి అమ్ముతుంది. ఏ బేరమైనా రెండు వైపులా తూచి చూడందే మాట ఇవ్వదు. అత్తగారి గుండె దడకు కాఫీ మాన్పించమని డాక్టరు తనను పక్కకు పిలిచి చెప్పినప్పుడూ అలాగే తూచింది. సంగతి చెబితే, కాఫీ లేని ఇంటికి ఎవరొస్తారని ముసలావిడ ఏడుస్తుంది, కానీ మానదు. ఊరుకుంటే ఆమె గుండె తట్టుకోదు. అందుకే ఎగుమతి కంపెనీలో పనిచేసే తమ్ముడి చేత, కెఫీన్ తీసేసిన పచ్చి గింజలు తెప్పించింది. అవి మామూలు పచ్చి గింజల్లా ఆకుపచ్చగా కాక, వేయించకముందే గోధుమ రంగులో ఉంటాయి. అందుకని వీళ్ళు రాకముందే పెనంలో పోసేది. అవి సరిగ్గా చిటపటలాడవు, రంగు చూసుకునేలోపే నల్లబడతాయి. "కొత్త ఊరి సరుకు" అని సర్దిచెప్పింది. అన్నీ చూసుకుంది కానీ వాళ్ళ తలల సంగతి మరిచిపోయింది.

ఇప్పుడు మళ్ళీ తూచింది. సరుకుకు వచ్చిన చెడ్డపేరు ధర తగ్గిస్తే పోతుంది. మనిషికి వచ్చింది అలా పోదు.

పెనం దించి, లోపలినుంచి సంచి తెచ్చి, గుప్పెడు గింజలు అస్కాలె చేతిలో పోసింది.

"కొరికి చూడు."

"వేయించినవేగా?"

"పచ్చివి."

అస్కాలె కొరికింది. పన్ను కలుక్కుమంది. "పచ్చివా! ఇదేం రంగే?"

"కాఫీలో గుండెను పరుగెత్తించే సరుకంతా తీసేశాక మిగిలిన రంగు. అత్తయ్యకు కాఫీ పడదన్నాడు డాక్టరు. మన తలలు అలవాటుపడ్డది ఇందులో లేదు. అందుకే నొప్పి. కన్నూ లేదు, గిన్నూ లేదు. తప్పు నాది."

"అంటే మూడు రోజులుగా మేం తాగింది..." అంది ములు.

"నల్లనీళ్ళు."

"ఓరి దేవుడా! నల్లనీళ్ళు తాగా నేను ఈ ఇంటిని మూడు పూటలు దీవించింది?" అంది అస్కాలె.

ముందు ములు నవ్వింది. తర్వాత అస్కాలె తల పట్టుకుని మరీ నవ్వింది. నవ్వు ఆగాక వంగి ఎల్ఫినెష్ మోకాలిని ముద్దు పెట్టుకుంది. "క్షమించు పిన్నీ. నా నోరు పడిపోను."

"నోరు పడిపోతే కబుర్లెవరు చెబుతారే?" అంటూ ఎల్ఫినెష్ ఆమెను లేపి రెండు బుగ్గలూ ముద్దాడింది. తర్వాత కోడలి చెయ్యి పట్టుకుంది. కళ్ళు తడిశాయి. "నా గుండె కోసం ఇంత చేశావా తల్లీ!"

వుబిత్ పెనం మళ్ళీ పొయ్యి మీద పెట్టింది. పొగ లేచింది. ఈసారి మిగతా ముగ్గురూ దాన్ని చేత్తో ముఖం వైపు లాక్కుని పీల్చారు. అంతా సర్దుకుంది. కానీ వుబిత్ లెక్క ఒకచోట కుదరడం లేదు. గరిటె తిప్పుతూ తిప్పుతూ ఆగింది.

"అత్తయ్యా, మీరూ ఇదే కదా తాగారు. మరి మీకు తలనొప్పి ఎందుకు రాలేదు?"

ఎల్ఫినెష్ పైబట్టను ముక్కు దాకా లాక్కుంది.

"మొదటిరోజు నాకూ వచ్చిందే. మర్నాటి నుంచి సందు చివర కాఫీ అమ్మే పిల్ల దగ్గర రెండు కప్పులు తాగాకే వచ్చి కూర్చుంటున్నా."