నేల మీద మిగిలిన దుప్పటి

అంతరిక్ష పరిశోధన కేంద్రంలో ఒకేలాంటి ఉపగ్రహాలు రెండు తయారుచేశారు. ఒకటి పైకి వెళ్ళడానికి, రెండోది నేల మీద పరీక్షలకు. వాటికి ఎండా చలీ తగలకుండా కప్పే బంగారు రంగు దుప్పట్లను చేత్తోనే కుడతారు. కుట్టు విభాగంలో పనిచేసే తోటికోడళ్ళు చెరొకటి కుట్టారు.

పైకి వెళ్ళింది చిన్నకోడలిది.

ఆమెకు పని నేర్పింది పెద్దకోడలే. త్వరలో పదవీ విరమణ చేయబోయే ఆవిడకు అదే ఆఖరి అవకాశం. రాకెట్ ఎగిరినప్పుడు గదిలో అందరూ చప్పట్లు కొడుతుంటే, ఆవిడ మాత్రం కత్తెర తుడుచుకుంటూ కూర్చుంది.

"ఇంకేముందిలే, నీ కాళ్ళు నేల మీద ఆనవు," అంది చిన్నకోడలితో, మూతి తిప్పుతూ.

అప్పటినుంచి ఇద్దరికీ మాటలు లేవు.

పరీక్షలు ముగిశాక, రెండో ఉపగ్రహాన్ని సందర్శకుల హాల్లో అద్దం వెనక పెట్టారు. పదవీ విరమణ రోజున ఇంటికి వెళ్తూ పెద్దకోడలు అటు తొంగి చూసింది. చిన్నకోడలు అద్దానికి నుదురు ఆనించి నిలబడి ఉంది.

"ఏం, నా కుట్టుకి వంకలు వెతుకుతున్నావా?"

చిన్నకోడలు ఉలిక్కిపడి కళ్ళు తుడుచుకుంది.

"నీకేమక్కా! మనవల్ని తీసుకొచ్చి, ఇది నేనే కుట్టానని దర్జాగా చూపిస్తావు. నాది చూపించమంటే ఎక్కడని చూపించను? అదింక తిరిగి రాదు. దీన్ని ఇక్కడ పెట్టిన దగ్గర్నుంచీ నిన్ను చూసి కుళ్ళి చస్తున్నాను."

పెద్దకోడలు వచ్చి ఆమె పక్కన నిలబడింది.

"నువ్వూనా?" అంది.