బోణీ కాని చేప

ఇప్పుడు చేప మొప్పలెత్తి చూసేవాళ్లు లేరు. అందరి ఫోన్లలోనూ ఎక్స్‌రే కన్ను ఉంది. దాని కిరణం తగలగానే, చేపలో విషపు పాదరసం ఉంటే, ఆ పరమాణువు లోపలి పొర నుంచి ఒక ఎలక్ట్రాన్, దాని వెంటే మరొకటి ఎగిరి బయటపడతాయి. రెండూ జంటగా చిక్కాయంటే తెర ఎర్రబడుతుంది.

పొద్దున్నే చేపలమ్మే నూకరత్నం గంపలోని వంజరం మీద, బేరానికొచ్చినావిడ ఫోను తెర ఎర్రబడింది.

"బోణీ బేరమమ్మా, ఒదిలెల్లిపోకు," అని బతిమాలింది నూకరత్నం.

"విషం కొనమంటావా?" అని కసిరి వెళ్లిపోయింది ఆవిడ. తర్వాత ఎవరూ ఆగలేదు.

సాయంత్రం ఆ వంజరమే ఇంట్లో పులుసై ఉడుకుతోంది. కూతురు మంగ ఫోను తీసి గిన్నె మీదికి వంగింది.

"అమ్మా, ఓపాలి సూత్తానే."

నూకరత్నం ఫోను లాక్కుంది.

"సూసినాక తినగలవేటే? ఇంట్లో ఇంకేటుందని? కంచం ఎట్టు."