పెట్టెలో టకటక

"మంచి పెట్టె నోరు మెదపకూడదమ్మా. మాట్లాడాల్సింది లోపలున్న స్పీకరే," అంటూ వడ్రంగి తాను చేసిన గిటారు స్పీకరు పెట్టెకు వెనకపలక బిగించాడు.

కూతురు గిటారు అందుకుంది. గది దద్దరిల్లింది. దాంతోపాటే టకటకమని ఏదో చప్పుడు.

వడ్రంగికి తల కొట్టేసినట్టయింది. మరలన్నీ మళ్లీ బిగించి, పలకను అరచేత్తో అదిమి పట్టాడు.

"ఇప్పుడు వాయించు."

టకటక ఆగలేదు. పైగా పాటకు సరిగ్గా తాళం వేస్తోంది. వదులు పలకకు ఇంత తాళజ్ఞానం ఎక్కడిదని చెవి రిక్కించి, చప్పుడు వస్తున్న వైపు వెళ్లి వంటింటి తలుపు ఓరగా తోశాడు.

"ఈ ఇంట్లో ఆ పెట్టయినా ఉండాలి, నేనైనా ఉండాలి" అని పొద్దున్నుంచీ సాధిస్తున్న భార్య, అటు తిరిగి, గరిటెతో మూత మీద దరువేస్తోంది.

చప్పుడు కాకుండా తలుపు మూసి వచ్చాడు.

"దొరికిందా నాన్నా?"

"దొరికింది. అది బిగించాల్సిన చప్పుడు కాదులే. నువ్వు ఆపకుండా వాయించు."