తడి గుమ్మంలో దొంగ

మన ఒంటి తడిపొరల్లో కాపలా కాసే కణాలు హెచ్‌ఐవీని ఎలా నెత్తికెక్కించుకుంటాయో తెలియాలంటే ఈ చీమల సంగతి వినాలి.

చెరువు గట్టున ఒక చీమలపుట్ట. దాని గుమ్మం ఎప్పుడూ చెమ్మగానే ఉండేది. అక్కడ కావలి చీమ గవరమ్మ. గుమ్మంలో ఏ కొత్త పురుగు దొరికినా నెత్తిన పెట్టుకెళ్లి, లోపలుండే బంటు చీమలకు చూపించడం ఆ పుట్ట ఆచారం.

ఒకనాడు నలుసంత పేను దొరికింది. పాపం, అది ఒక్క అడుగూ వేయలేదు. గవరమ్మ మహా గర్వంగా దాన్ని ఎత్తుకుని బయల్దేరింది.

నెత్తిమీద పేను హాయిగా కూనిరాగం తీస్తోంది. "బంట్లుండే చోటు ఇంకెంత దూరం వదినా? వాళ్ల ఒంట్లో దూరితే తప్ప మాకు పిల్లలు పుట్టరు" అని నోరు జారింది.

గవరమ్మ టక్కున ఆగిపోయింది. "నా తెలివి తెల్లారినట్టే ఉంది! నిన్ను పట్టుకున్నాననుకున్నాను, మోసుకెళుతున్నానే!"

పేను కంగారుపడింది. "దొంగ! దొంగ! బంట్లందరూ రండి!" అని తనే గోల పెట్టింది.

లోపల నుంచి కాళ్ల చప్పుడు వినిపించింది. ఎంతమంది వస్తే పేనుకు అన్ని ఇళ్లు! గవరమ్మ ఇక ఆలోచించలేదు. దాన్ని కిందికి దించి గుటుక్కున మింగేసింది.

బంట్లు రొప్పుతూ వచ్చారు. "ఏదీ దొంగ? ఆచారం ప్రకారం మాకు చూపించాలి కదా!"

గవరమ్మ తీరిగ్గా త్రేన్చింది.

"అరిగిపోయింది నాయనా."