రేకు గోడ

"నాకెవ్వలు అక్కర్లే. గట్లనే రాస్కో బిడ్డా!" అన్నాడు కొమురెల్లి, కరాఖండిగా.

మానసకు ప్రాణం ఉసూరుమంది. వరంగల్లో మోటార్ వైండింగ్ దుకాణాల గల్లీ అది. పొద్దుటి నుంచీ పది దుకాణాలు తిరిగింది. కాళ్లు పీకుతున్నాయి. చేతిలో ట్యాబ్ కాలిన పెనంలా ఉంది. ఒకే రకం దుకాణాలు ఒక్కచోట గుమిగూడితే పని పెరుగుతుందా, తగ్గుతుందా అని లెక్క తీసే సర్వే ఆమెది.

రోడ్డు వెడల్పు కోసం గల్లీలోంచి రెండు దుకాణాలు లేవాలి. పక్కవాళ్లు లేకున్నా నడుస్తుందన్న వాళ్లనే వర్ధన్నపేట రోడ్డు మీది కొత్త షెడ్లకు పంపిస్తారు. అక్కడ పగటిపూట కూడా పురుగు కనపడదు. ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దని మానసకు గట్టి ఆర్డర్. ఆమె చెప్పకపోతేనేం, పొద్దున్నే గల్లీ అంతా పొక్కింది. పదిమందిదీ ఒకటే పాట: "ఒకలు లేంది ఒకలం బతకం మేడం!"

ఈ చివరి దుకాణానికి మాత్రం ఆ కబురు అందలేదు. అందాలంటే పక్క దుకాణం శ్యాంసుందర్ చెప్పాలి. వాళ్లిద్దరికీ పన్నెండేళ్లుగా మాటల్లేవు. ఇందాక మానస శ్యాంసుందర్ దగ్గరికే ముందు వెళ్తే, "ముందుగాల గాయనది రాస్కోన్రి. నాది ఎన్కకు" అని పంపించేశాడు మహానుభావుడు.

"దుకాణంల ఎంతమంది కాకా?"

"నేను, నా మేనల్లుడు. ఇద్దరం."

"రోజుకెన్ని మోటార్లయితయ్?"

"ఐదు. సీజన్ల ఆరు."

నెక్కొండలో ఒంటరి దుకాణమొకటి చూసింది మానస. అక్కడా ఇద్దరే, పనిమంతులే. రోజుకు రెండు మోటార్లు దాటవు. రాగి తీగ అయిపోతే రైలెక్కి వరంగల్ రావాల్సిందే మరి.

కొమురెల్లి తీగ కూడా అప్పుడే అయిపోయింది. పానాతో పక్క రేకు గోడ మీద టంగుటంగుమని రెండు దెబ్బలు కొట్టాడు. గోడకున్న కంతలోంచి ఓ చెయ్యి వచ్చి రాగి తీగ చుట్ట అందించి పోయింది. ఇటు మాట లేదు, అటు మాట లేదు.

మానస నోరు తెరుచుకు చూసింది. "కాకా, పక్కాయన లేకుంటే గా తీగెవలిస్తరు?"

"ఎవలిచ్చిన్రు? గోడ ఇచ్చింది!"

"జర సోంచాయించి చెప్పు కాకా. పక్క దుకాణాలు లేకుంటే నీకు నడుస్తదా?"

"మూడుసార్లయె అడుగవట్టి! నడుస్తది. మంచిగ నడుస్తది. ముఖ్యంగ గీ పక్కోడు లేకుంటే!"

అసలు సంగతి మానస నాలుక చివరిదాకా వచ్చింది. కానీ చెప్తే తన కొలువు పోతుంది. 'అవసరం లేదు' అని నొక్కేసి, ఆ మనిషి ముఖం చూడలేక బయటపడింది.

పక్క దుకాణంలో శ్యాంసుందర్ గోడకు చెవి ఆనించుకునే కూర్చున్నాడు. మానసకు ఒళ్లు మండిపోయింది.

"అంత ఇన్నరు గదా! పాపం, గాయన ఆగమైతాండు. ఒక్క మాట చెప్తే మీ సొమ్మేం పోతుండె?"

"పన్నెండేండ్ల నుంచి మాట్లాడంది, ఇయ్యాల మాట్లాడుతనా?" అన్నాడు తల ఎత్తకుండా.

కోపం తెచ్చుకునే ఓపిక కూడా ఇక మిగల్లేదామెకు. "సరే చెప్పుండ్రి. పక్క దుకాణాలు లేకుంటే మీకు నడుస్తదా?" ఈయనా ఆ పాటే పాడతాడని ట్యాబ్‌లో 'అవసరం' మీద ముందే వేలు పెట్టుకుని కూర్చుంది.

గోడ మీద మూడు దెబ్బలు పడ్డాయి. శ్యాంసుందర్ లేచి, బేరింగు ఒకటి వెతికి కంతలోంచి అందించాడు. చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నాడు.

"నడుస్తది. నాగ్గూడ ఎవ్వలు అక్కర్లే అని రాయుండ్రి."

మానస ఉలిక్కిపడింది. "ఏందీ! అట్ల రాస్తే ఏమైతదో ఎరుకేనా?"

"ఎరుకే మేడం. రెండో షెడ్డు నాకియ్యమనుండ్రి," అన్నాడు గొంతు తగ్గించి. "కని, నడుమ గోడ మాత్రం రేకుదే పెట్టమనుండ్రి."