కొనముద్ద

సత్యమే తనువుగా గల శ్రీమన్నారాయణునికి చేతులు జోడించి ఈ కథ చెబుతున్నాను.

సురబాయా రేవు పక్కనున్న ఆ స్టార్టప్ ఆఫీసులో ఆనాడు విందు.

బల్ల మీద పసుపన్నం గోపురంలా నిలిచింది. యజమాని రాదిత్యా దాని కొనను కోసి, అందరూ చూస్తుండగా బాగస్ పళ్లెంలో పెట్టాడు.

అక్కడి ఆచారంలో ఆ కొన పెద్దవారికో, మిక్కిలి అయినవారికో తప్ప దక్కదు.

"నిన్నగాక మొన్న వచ్చినవాడికి కొనముద్దా?" ఎవరో గొణిగారు.

"చెవిలో ఊదేవాడికి చేతినిండా పెట్టరూ మరి."

ఆ మాట విని, అక్కడి ఉద్యోగిని వులాన్ భయంగా బాగస్ వైపు చూసింది.

బోటు మునిగితే ఒడ్డుకు కబురు పంపే యంత్రం ఆ కంపెనీ సరుకు. వానలో తడిస్తే అది మూగబోతుంది. తెలిసీ రాదిత్యా దానిని జాలర్లకు అమ్ముతూనే ఉన్నాడు.

రేవు అధికారులకు పేరు లేని ఫిర్యాదు పంపినది వులానే. మనసాగక ఆ మాట, యంత్రాలను పరీక్షించే గదిలో తనతో పనిచేసే బాగస్ ఒక్కడికే చెప్పుకుంది.

విందు ముగియగానే రాదిత్యా ఆమెను పిలిచాడు.

"ఆ ఫిర్యాదు రాసింది మీ గదిలోవాళ్లే వులాన్. ఎవరో చెప్తావా, నువ్వే అనుకోమంటావా?"

అయితే బాగస్ ఇంకా చెప్పలేదన్నమాట. నేడో రేపో చెప్పక మానడు. ఎంతైనా యజమానికి అయినవాడు. అతని పేరు చెబితే నాలుగు చీవాట్లతో పోతుంది.

"బాగస్," అంది వులాన్.

సాయంత్రానికి పోలీసులు వచ్చారు. కంపెనీ పరువు తీశాడని బాగస్ మీద కేసు.

"నువ్వేనా రాసింది?" అన్నాడు రాదిత్యా.

బాగస్ గుమ్మం దగ్గర నిలబడిన వులాన్ వైపు ఒకసారి చూశాడు.

"నేనే అన్నా."

వెళుతూ ఆమె దగ్గర ఆగాడు.

"అక్కా, మబ్బు పట్టింది. ఆ యంత్రాన్ని నమ్ముకొని పోవద్దని రేవులో వాళ్లకి చెప్పండి."

వులాన్ పక్కకు జరిగి దారి ఇచ్చింది.

జీపు కదిలాక రాదిత్యా నిట్టూర్చాడు.

"రాసిందెవరో చెప్పమని పొద్దుటినుంచి వాడిని బతిమాలాను. మేనేజరు కుర్చీ ఇస్తానన్నాను, పదిమందిలో మర్యాద చేశాను. 'తెలుసు గానీ ఆ పేరు నా నోట రాదు, అన్నా' అన్నాడు. తన పేరు తనెలా చెప్తాడులే."

విన్నవారందరికీ వేళకు నోరు పెగిలే ధైర్యాన్ని ఆ స్వామి ప్రసాదించుగాక.