గుట్ట మీది ఇండ్లు

“ఇంకా పైకెక్కుతవా అవ్వా? నీకు ఆయాసమొస్తాంది,” అంది కట్టమ్మ.

“జర ఆగి పోదాం బిడ్డా,” అంటూ సమ్మమ్మ బండకు ఆనుకుంది.

మర్నాడు హనుమకొండ దవాఖానాలో ఆమెకు కడుపు ఆపరేషన్. అక్కడ చేరేముందు ఈ గుట్ట ఎక్కాలని కూతుర్ని వదలకుండా అడిగింది. ఏదో పాత మొక్కు ఉందనుకుని కట్టమ్మ సంచిలో కొబ్బరికాయ పెట్టుకొచ్చింది.

“ఇది సర్కారు కాపాడే జాగ అక్కా. రాయి సుత ముట్టనియ్యరు,” అన్నాడు ముందు నడుస్తున్న అడవి వాచర్ పోశయ్య.

మలుపు తిరగగానే కట్టమ్మ కాళ్లు ఆగిపోయాయి. నిట్టనిలువుగా లేచిన కొండ నడుమ, గదులు తొలిచినట్టు గుహలు. కింద ఎండకు మాడిన ముళ్లకంపలు, ఎర్రమట్టి. కనుచూపు మేర నీటి జాడ లేదు.

లోపల మాత్రం చల్లగా ఉంది. కప్పు మీద ఎర్రరంగుతో గీసిన దుప్పులు, చేతులు పట్టుకుని ఆడే మనుషులు. నేలబండలో నూరి నూరి పడిన గుంటలు. కొబ్బరికాయ కొడదామంటే దేవుడు ఎక్కడా కనిపించలేదు.

“వేల ఏండ్ల కింద ఈడ సంసారాలు చేసిండ్రట,” అన్నాడు పోశయ్య గొంతు తగ్గించి. వాళ్లిద్దర్నీ వదిలి బయటి నీడలో కూర్చున్నాడు.

కట్టమ్మ ఒక గుంటలో వేళ్లు పెట్టి చూసింది. నున్నగా తగిలింది. ఏ తల్లి ఇక్కడ గింజలు నూరిందో, పక్కన ఏ పిల్ల ఆకలికి ఏడ్చిందో. వేళ్లు వెనక్కి తీసుకుంది.

“ఈ రాళ్లల్ల ఎట్ల బతికిండ్రో అవ్వా.”

“మేం సుత బతికినం. రజాకార్లు ఊరు తగలవెట్టినప్పుడు అందరం ఈడ్నే దాసుకున్నం.”

కట్టమ్మ తల్లి వైపు తిరిగింది. ముప్పై ఏళ్లలో ఈ మాట ఒక్కసారి కూడా వినలేదు.

“నాకెన్నడు చెప్పకపోతివి. అప్పటికి నేను పుట్టిన్నా?”

సమ్మమ్మ ఆమె చేయి పట్టుకుని, కప్పు కిందికి వంగిన మూలకు తీసుకెళ్లింది. అక్కడ కూలబడి నేలను అరచేత్తో నిమిరింది.

“రేపు నాకేమన్నయితే నీకు చెప్పేటోళ్లుండరు. మేం ఎక్కొచ్చేసరికే ఇంకేదో ఊరోళ్లు ఈడ తలదాసుకుని, భయానికి ఉరికిపోయిండ్రు. పొయ్యి ఇంక వెచ్చగనే ఉండె.”

“ఏం చెప్తానవ్ అవ్వా?”

“నువ్వు నాకు దొరికింది ఈడ్నే.”